పెరటి ఏరు

“మాస్టారూ, ఇక్కడ ఏరెక్కడిదండీ?”

2024 సెప్టెంబరు 2, సోమవారం ఉదయం విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో ఒక మేడమీది వాటాలో చిక్కుకుపోయిన నా పూర్వ విద్యార్థిని ఫోనులో అడిగిన మాట ఇది. ముందురోజు ఆదివారం. పొద్దున వీధిలో చీలమండలు తడిపిన నీళ్ళు సాయంత్రానికి కింది వాటా కిటికీలను ముంచాయట. కరెంటు పోయింది. కింది వాటావారు పిల్లలతో సహా పైకి చేరారు. ఫోనులో మిగిలిన కాస్త ఛార్జింగును పొదుపుగా వాడుకుంటూ, తాము క్షేమంగానే ఉన్నామని చెప్పడానికి ఆ అమ్మాయి ఫోను చేసింది. అమ్మాయి అంటున్నాను గాని ఆమెకు నలభై దాటాయి. పంతుళ్ళ దృష్టిలో విద్యార్థుల వయసు ఎప్పటికీ పెరగదు.

“కృష్ణ పొంగిందా అమ్మా?” అన్నాను.

“కృష్ణ అటు కదండీ మాస్టారూ. ఈ నీళ్ళు వెనకవైపునుంచి వస్తున్నాయి. బుడమేరు అంటున్నారు. పన్నెండేళ్ళనుంచి ఇక్కడే ఉంటున్నాం. ఇక్కడ ఏరెక్కడిదండీ?”

“అది ఎప్పటినుంచో అక్కడే ఉందమ్మా” అని మాత్రం అనగలిగాను. ఫోను తెగిపోయింది. మళ్ళీ మూడు రోజులదాకా కలవలేదు.

ఆ మూడు రోజులూ ఆ ప్రశ్న నన్ను తొలుస్తూనే ఉంది. ఆమె విజయవాడలోనే చదువుకుంది, నా దగ్గరే తెలుగు నేర్చుకుంది. నోరు, నోటి, ఏరు, ఏటి, ఔపవిభక్తికం చేరితే మాట ఇలా మారుతుందని ఏళ్ళతరబడి నల్లబల్లమీద రాశాను. ‘బుడమేటి’ అని ఒక్కనాడైనా ఉదాహరణగా రాయలేదు. ఆనకట్ట గురించి చెప్పాను, కాటన్ దొర గురించి చెప్పాను. బెజవాడ యుద్ధమల్లుని శాసనంలో మధ్యాక్కరలు ఉన్నాయని, తెలుగు పద్యానికి అవి ఎంత పాతవో చెప్పి మురిసిపోయాను. ఊరి వెనుక పారే ఏటి పేరు పిల్లలకు చెప్పాలని తోచలేదు. పెరటిచెట్టు మందుకు పనికిరాదని సామెత. పెరటి ఏరు చరిత్రకు పనికిరాదనుకున్నాను కాబోలు. ఆ లోటు ఇప్పుడైనా కొంత పూడ్చుకుందామని ఈ టపా రాస్తున్నాను.

విజయవాడ కథ చెప్పవలసివస్తే ఎవరైనా ఆనకట్టతోనే మొదలుపెడతారు. అది న్యాయమే. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, గుంటూరు సీమను చుట్టబెట్టిన కరువును మన పెద్దలు ‘నందన కరువు’ అనే పిలిచారు. లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. పక్కనే కృష్ణ పారుతుండగా జనం దాహంతో, ఆకలితో చనిపోయారు. నది ఉన్నా నీరు పొలానికి ఎక్కే దారి లేకపోయింది. రెండు దశాబ్దాల తరువాత, అటు ధవళేశ్వరంలో గోదావరి ఆనకట్ట పూర్తయిన 1852లోనే ఇటు బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డుకట్ట మొదలైంది. ఆలోచనకు ఆర్థర్ కాటన్ దన్నుగా నిలిచాడు. చార్లెస్ ఆర్ అనే సైనిక ఇంజనీరు దగ్గరుండి కట్టించాడు. ఇంద్రకీలాద్రికి, ఆవలి ఒడ్డున సీతానగరం కొండకు మధ్య, నది సన్నబడేచోట 1855 నాటికి రాతి ఆనకట్ట లేచింది.

ఆనకట్ట లేవగానే కాలువలు వచ్చాయి. మన వైపున బందరు కాలువ, ఏలూరు కాలువ, ఒక దొర పేరు మోసిన రైవస్ కాలువ. ఈ మూడూ నేటికీ ఊరిని చీల్చుకుంటూనే పారుతున్నాయి. అవి పొలాలను తడపడంతో ఆగలేదు. ఏలూరు కాలువ వెళ్ళి ఏలూరులో గోదావరి కాలువను కలిసింది. ఆవలి ఒడ్డున పడమటి డెల్టా కాలువలు దక్షిణాన బకింగ్‌హామ్ కాలువను అందుకున్నాయి. కాకినాడలో ఎక్కిన సరుకు కాలువల వెంబడే చెన్నపట్నం దాకా పోగలిగింది. గట్టుమీద మనుషులు మోకు భుజాన వేసుకుని లాగుతుంటే ధాన్యం, ఉప్పు, బెల్లం వేసుకుని పడవలు నడిచేవి. పడవలు ఆగి నీటిమట్టం సరిచూసుకునే చోట్లే ‘లాకులు’. పడవలు పోయి తరాలు గడిచినా బందరు లాకులు, ఏలూరు లాకులు అని మనం నేటికీ ఆటోవాడికి గుర్తు చెబుతాం. బందరు రోడ్డుకు మహాత్మాగాంధీ పేరు, ఏలూరు రోడ్డుకు కార్ల్‌మార్క్స్ పేరు పెట్టారు. బోర్డులమీద ఆ పేర్లే ఉంటాయి. నోటిమీద మాత్రం బందరు, ఏలూరు అనే పాత పేర్లే నిలిచాయి.

ఆ తరువాతి కథ అందరికీ తెలిసిందే. 1888లో పురపాలక సంఘం వచ్చింది. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. 1893లో కృష్ణమీద రైలువంతెన తయారైంది. మూడు దిక్కుల రైళ్ళూ కలిసేచోట వ్యాపారం, వ్యాపారం చుట్టూ జనం, జనం చుట్టూ సభలు. 1914 ఏప్రిల్‌లో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ ఇక్కడే జరిగింది. 1921లో గాంధీజీ పాల్గొన్న కాంగ్రెసు సమావేశం ఇక్కడే జరిగింది, పింగళి వెంకయ్యగారు జెండా నమూనాను ఆయన చేతికి ఇచ్చిందీ ఇక్కడే. 1952లో పాత ఆనకట్టకు గండి పడితే, ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డాక 1954లో కొత్త బ్యారేజి పని మొదలై 1957 డిసెంబరు 24న ప్రారంభమైంది. ఆ ఏడాదే కాలం చేసిన ప్రకాశం పంతులుగారి పేరు దానికి పెట్టారు. డెబ్బై గేట్లు, కిలోమీటరు పావుకు కాస్త తక్కువ పొడవు. పన్నెండు లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు దాని మీద బతుకుతోంది.

ఈ నీటికి ఒక లక్షణం ఉంది. ఇది మాట వినే నీరు. మన డెల్టాలో వేసవి రాగానే ‘కాలువలు కట్టేశారు’ అంటాం, తొలకరికి ‘కాలువలు వదిలారా?’ అని అడుగుతాం. ఎవరో కడతారు, ఎవరో వదులుతారు. గేటు తిప్పేవాడొకడు ఉంటాడు. నూట డెబ్బై ఏళ్ళుగా ఈ క్రియాపదాలతోనే మనం నీటి గురించి మాట్లాడుకున్నాం. ఆ అలవాటులో, ఎవరూ కట్టకుండా, ఎవరూ వదలకుండా తనంత తాను వచ్చే నీరొకటి ఊరి వెనుక ఉందని మరిచిపోయాం.

ఆ నీరే బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి, దారిలో వాగులను కలుపుకుంటూ, విజయవాడకు ఉత్తరంగా ఒరుసుకుని తూర్పున కొల్లేటిలో కలుస్తుంది. మునేరు, పాలేరు, తమ్మిలేరు, బుడమేరు, చివరికి కొల్లేరు, ఉప్పుటేరు. మన ప్రాంతపు నీటి పేర్లన్నీ ‘ఏరు’తోనే ముగుస్తాయి. నది పెద్దింటి సంస్కృత పదం. ఏరు ఇంటి మాట. ఏడాదిలో చాలాకాలం ఎండి ఉండి, కొండలమీద ఒక రాత్రి గట్టివాన పడితే తెల్లవారేసరికి ఒడ్డులు దాటడం ఏటి స్వభావం. ఎడ్లబండి దాటిన చోటే మరునాడు ఏనుగు కూడా నిలవదు. పాతకాలపు పల్లెలవారికి ఇది తెలుసు. అందుకే ఊళ్ళు మెరకమీద కట్టుకున్నారు, ఏటి పక్కన పొలాలే ఉంచారు.

ఇంజనీర్లకు కూడా తెలుసు. ఏలూరు కాలువ దారికి బుడమేరు అడ్డం వస్తుంది. అందువల్ల ఎనికేపాడు దగ్గర కాలువ కిందుగా సొరంగం కట్టి ఏటిని దాటించారు. పైన మనిషి తవ్విన కాలువ, కింద దేవుడిచ్చిన ఏరు. ఆ సంగతి తెలియకుండానే ఆ పక్కనుంచి జాతీయ రహదారిమీద నేను ఎన్నోసార్లు బస్సులో వెళ్ళాను. ఊరికి వరద తగ్గించడానికి ఎగువన వెలగలేరు దగ్గర పదకొండు గేట్ల రెగ్యులేటరు కట్టారు. వెలగలేరు పేరులోనూ ఏరే వినిపిస్తుంది చూడండి. అక్కడినుంచి మళ్ళింపు కాలువ తవ్వి, వరదనీటిలో కొంతభాగాన్ని ఇబ్రహీంపట్నం మీదుగా, బ్యారేజికి ఎగువన, కృష్ణలో పడేటట్టు చేశారు. ఎక్కువైన నీరు మాత్రం గేట్లు దాటి పాత దారినే, అంటే ఊరి వెనుక నుంచే, పోవాలి.

ఏర్పాటు మంచిదే. ఒక చిక్కు మాత్రం ఉంది. మళ్ళించిన నీరు కృష్ణలో పడాలంటే కృష్ణ మట్టం తక్కువగా ఉండాలి. కృష్ణ కూడా అదే సమయంలో నిండుగా వస్తే, చేరబోయిన నీరు చేరలేక వెనక్కి ఎగదన్నుతుంది. పెద్దల ఇంట పెళ్ళిలో పేదచుట్టానికి చోటు దొరకనట్టు బుడమేటికి కృష్ణలో చోటు దొరకదు. అప్పుడు అది తన పుట్టింటి దారి పడుతుంది.

ఇంకొక విచిత్రం. 2015లో పట్టిసీమనుంచి ఎత్తిపోసిన గోదావరి జలాలు పోలవరం కుడికాలువగుండా వచ్చి, ఈ మళ్ళింపు కాలువ ద్వారానే కృష్ణలో కలిశాయి. ఆ చోటికి పవిత్ర సంగమం అని పేరు పెట్టారు. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు వచ్చేనాటికి ఘాట్లు లేచాయి, నదికి హారతులిచ్చారు. నేనూ వెళ్ళి చేతులు జోడించాను. గోదావరిని తలుచుకున్నాను, కృష్ణను తలుచుకున్నాను. గోదావరిని అక్కడికి మోసుకొచ్చిన కాలువకు పేరిచ్చిన ఏటిని తలుచుకోలేదు. సంకల్పంలో గంగనుంచి కావేరిదాకా నదుల పేర్లన్నీ చెప్పించే మనం ఆ ఒక్క పేరునూ వదిలేశాం.

మరపు ఎప్పుడు మొదలైందో చెప్పడానికి రెవిన్యూ భాషలో ఒక మాట దొరుకుతుంది. పన్ను కట్టనక్కరలేని, సాగులోకి రాని భూమి ‘పోరంబోకు’. అరవంలోని ‘పుఱంపోక్కు’ నుంచి వచ్చిన మాట. వాగు పోరంబోకు, చెరువు పోరంబోకు, బాట పోరంబోకు అని గ్రామ లెక్కల్లో రాసేవారు. వాగు వెడల్పు ఎంత, వరద వస్తే ఎంతవరకు పరుచుకుంటుంది అనే ఎరుక ఆ లెక్కల వెనుక ఉండేది. నిజానికి ఊరందరి అవసరానికీ వదిలిపెట్టిన నేల అది. అదే మాట వాడుకలో ‘ఎందుకూ పనికిరానివాడు’ అనే తిట్టుగా మారింది. శిస్తు రానిది దండగ అనే భావం పాలకుల లెక్కలోంచి మన నాలుకమీదికి దిగింది. ఏటికి ఇరువైపులా వదిలిన నేల మన కంటికి ఖాళీస్థలంగా కనబడడానికి ఇంతకంటే ఏం కావాలి?

1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. ఆ వ్యవస్థలోని అన్యాయాలను నేను సమర్థించబోను. చేతిలో కలం ఉందని పేదల భూములు తారుమారు చేసినవారి కథలు డెల్టాలో ఏ ఊరికి వెళ్ళినా వినిపిస్తాయి. అయితే వారితోపాటు, ఏ వాన ఎంత పడితే ఏ పొలం గట్టు తెగుతుందో తెలిసిన నోటిలెక్క కూడా చాలావరకు పోయింది. మెకంజీ కైఫీయతుల్లో ఊరి పొలిమేరలు, చెరువులు, గుళ్ళు ఎంత వివరంగా ఉంటాయో చదివినవారికి తెలుసు. వాటిని రాయించినవారు కరణాలే.

ఇక ఊరు పెరిగింది. పాతబస్తీ, గవర్నరుపేట, సత్యనారాయణపురం నిండాక, రైలుకట్టల అవతలికి, పల్లపు భూములకు జనం కదిలారు. చుట్టుపక్కల పల్లెలనుంచి పనికోసం వచ్చినవారు, లారీ షెడ్లలో, రైల్వేలో, కట్టుబడి పనుల్లో బతికేవారు, చిన్న జీతగాళ్ళు ఆ వైపునే స్థలాలు కొనగలిగారు. పల్లం కాబట్టి చవక, చవక కాబట్టి పేదలు. వారిని తప్పుపట్టే హక్కు మెరకమీద ఇల్లున్న నాలాంటివాడికి లేదు. కృష్ణలంక అంటే పేరులోనే ‘లంక’ ఉంది, అది నదిలోని నేల అని తెలుగు వచ్చినవాడికి అర్థమవుతుంది. పటమట వైపు పంటకాలువ రోడ్డు అంటే ఒకప్పుడక్కడ పొలాలుండేవని తెలుస్తుంది. ఏటి పక్కన లేచిన పేటలకు మాత్రం నాయకుల పేర్లు, దేవుళ్ళ పేర్లు, చివరికి పథకాల పేర్లు వచ్చాయి. వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన కింద కట్టిన ఇళ్ళు ‘వాంబే కాలనీ’ అయ్యాయి. అక్కడ పుట్టిన పిల్లవాడికి తన పేట పేరు వింటే నీరు గుర్తుకు రాదు.

ఏటి పేరు కూడా మారింది. జనం ‘బుడమేరు కాలువ’ అనడం మొదలుపెట్టారు. ఇళ్ళ మురుగు అందులోకి వదిలారు. ఏరు ఎప్పుడైతే కాలువ అయిందో, దానికీ ఎవరో గేటు తిప్పేవారుంటారనే ధీమా వచ్చింది. ఒక మాట తప్పుగా వాడితే ఇంత ప్రమాదమా అని మీరు నవ్వవచ్చు. భాష చెప్పుకుని బతికినవాడిని, నాకు నవ్వు రాలేదు.

ఊరికి నీటిభయం లేదని కాదు. చాలా ఉంది. అయితే ఆ భయం చూపంతా ముందువైపే, కృష్ణవైపే. కలియుగంలో ఒకనాడు కృష్ణమ్మ పొంగి కొండమీది దుర్గమ్మ ముక్కుపుడకను తాకుతుందని మా చిన్నప్పటినుంచి వింటున్నాం. 2009 అక్టోబరులో పదకొండు లక్షల క్యూసెక్కుల పైచిలుకు వరద వచ్చినప్పుడు ఊరంతా ఆ మాటే అనుకుంది. బ్యారేజి దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, రెండో ప్రమాద హెచ్చరిక అని రేడియోలో చెబితే బెజవాడలో చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. కృష్ణలంకకు అడ్డుగా నది ఒడ్డున రక్షణగోడ లేచింది. 2024లో అది చాలా ఇళ్ళను కాపాడింది కూడా. దివిసీమ 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను నేటికీ ఏటేటా తలుచుకుంటుంది. సముద్రం చేసిన గాయం గుర్తుంది, నది పెట్టిన భయం గుర్తుంది. 2005 సెప్టెంబరులో బుడమేరు ఇదే ఊరిని ముంచిందన్న సంగతి మాత్రం పంతొమ్మిదేళ్ళలో పలచబడిపోయింది. ఆ మధ్య వచ్చి స్థిరపడినవారికి ఆ సంగతి చెప్పినవారు లేరు.

2024 ఆగస్టు 31న మొదలైన వాన ఎడతెరిపి లేకుండా కురిసింది. మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. కొండల్లో కురిసిన నీరంతా బుడమేటిలోకి దిగింది. వెలగలేరు గేట్లు ఎత్తారు. కవులూరు వైపు మళ్ళింపు కాలువ కట్టకు మూడు గండ్లు పడ్డాయి. అదే సమయంలో కృష్ణ కూడా వచ్చింది. సెప్టెంబరు 2న బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదయ్యాయి, బ్యారేజి కట్టాక అంత వరద ఎన్నడూ రాలేదు. కట్లు తెంచుకున్న పడవలు కొట్టుకువచ్చి గేట్ల బరువుదిమ్మెలను గుద్దాయి. టీవీల నిండా బ్యారేజే. దుర్గమ్మ కొండ దిగువ నిండుగా పారుతున్న ఎర్రనీటిని చూస్తూ నేనూ భయపడుతూ కూర్చున్నాను. సరిగ్గా ఆ గంటల్లోనే, నా వీపు వెనుక, సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, వాంబే కాలనీ నీటిలో ఉన్నాయి. పైన చెప్పిన చిక్కే నిజమైంది. ఏటికి నదిలో చోటు లేదు.

తరువాతి రోజులు మీరూ టీవీల్లో చూసే ఉంటారు. పడవలు, హెలికాప్టర్లు, డ్రోన్లతో కూడా అన్నం పొట్లాలు, నీళ్ళ సీసాలు చేరవేశారు. నా విద్యార్థిని తరువాత చెప్పిన సంగతులు మాత్రం టీవీలో రాలేదు. చుట్టూ నీళ్ళే అయినా తాగడానికి నీళ్ళు లేక, డాబామీద చీర పరిచి వాననీరు వడగట్టుకున్నారు. కింది వాటా పెద్దాయన మాత్రలు కిందే ఉండిపోయాయి. ఎదురింటివారి ఇంట్లో అవే మాత్రలుంటే తాడుకు కట్టి ఇటు విసిరారు. ఆ రెండిళ్ళవారికీ అంతకుముందు చెత్తబుట్ట దగ్గర తగాదా వచ్చి రెండేళ్ళుగా మాటల్లేవట. రాత్రుళ్ళు చీకట్లో ఒక డాబామీదివారు ఇంకో డాబామీదివారిని పేరుపెట్టి పిలిచి, పలికితే పడుకునేవారట. “మా వీధిలో ఎవరెవరుంటారో నాకు అప్పుడే తెలిసింది మాస్టారూ” అంది.

సైన్యం కూడా వచ్చి, ఇనుపవలల్లో రాళ్ళు నింపి అడ్డం వేసి, సెప్టెంబరు 7న చివరి గండి పూడ్చారు. ఆ రోజు వినాయక చవితి. మట్టితో చేసి, పత్రితో పూజించి, నీటిలో కలిపే దేవుడి పండుగ. ఆ ఏడు ఆ పేటల్లో మట్టికి కొదవ లేదు. అగ్నిమాపక యంత్రాలు వచ్చి ఇళ్ళలోని ఒండ్రు కడిగాయి. వీధుల వెంబడి తడిసిన పరుపులు, పనిచేయని ఫ్రిజ్జులు, ఉబ్బిన పుస్తకాలు గుట్టలుగా పడ్డాయి. పదోతరగతి ధ్రువపత్రాలను బట్టలు ఆరేసే తీగమీద క్లిప్పులు పెట్టి ఆరబెట్టిన ఇంటిని నేను కళ్ళారా చూశాను.

దసరా వెళ్ళాక ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాను. కింది వాటా ఖాళీగా ఉంది. గోడకు చుట్టూ, దారం పట్టి గీసినట్టు, గోధుమరంగు గీత. నీరు కదలకుండా నిలిచిన ఎత్తు అది. నా భుజందాకా వచ్చింది.

“ఈ గీతను చెరపనివ్వకమ్మా. పక్కన తేదీ రాయించు” అన్నాను. శాసనం అంటే రాజులు చెక్కించిందే కానక్కరలేదు. ఈ గీత ఏరు తానే చెక్కుకున్న శాసనం. తరువాత వచ్చేవాడు చూసి, బియ్యం డబ్బా ఎక్కడ పెట్టుకోవాలో, పెట్టె ఏ అటకమీద దాచుకోవాలో తెలుసుకుంటాడు. ఎవరి తప్పు ఎంత అన్నది తేల్చేవారు తేలుస్తారు. కట్టలు ఎత్తుచేయడం, కాలువ వెడల్పు చేయడం, కొల్లేటిదాకా దారి విప్పడం ఇంజనీర్ల పని. 2006లో కొల్లేటిలో చేపల చెరువులు కొట్టించినప్పుడు ఎంత గొడవైందో తెలిసినవారికి అది ఎంత కష్టమో కూడా తెలుసు. బడిపంతులు చేయగలిగింది పేరు చెప్పడం, గుర్తు చూపించడం. నేను సర్వీసులో ఉండగా చేయవలసింది అదే.

మిత్రులకు ఒక విన్నపం. మీ ఊరి వెనుక కూడా ఒక ఏరో, వాగో, కోడో ఉండే ఉంటుంది. ఇప్పుడు దాన్ని మురుగుకాలువ అంటుండవచ్చు, దానిమీద బస్టాండు ఉండవచ్చు. ఇంట్లో పెద్దలుంటే దాని అసలు పేరు అడగండి, అది ఎప్పుడు ఎంతదాకా వచ్చిందో అడగండి. తెలిసినంత రాసి పెట్టండి. ఏరుకూ, ఏడుకూ తెలుగులో బహువచనం ఒక్కటే, ఏళ్ళు. ఒకటి లెక్కపెట్టడం మానితే రెండోది కూడా లెక్క తప్పుతుంది.

2025 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు ఆ అమ్మాయి ఫోను చేసింది.

“గీత పోయింది మాస్టారూ. ఇంటివాళ్ళు పండక్కి రంగులు వేయించారు. నేను చెప్పి చూశానండీ. ఆ గుర్తు కనబడితే కింది వాటాకి అద్దెకెవరొస్తారమ్మా అన్నారు.”

నేనేమీ అనలేకపోయాను. ఆ ఇంటాయన రిటైరైన డబ్బుతో ఆ ఇల్లు కట్టుకున్నాడు. నాలుగు నెలలుగా కింది వాటా అద్దె రాలేదు. మరిచిపోవడానికి ఆయనకు తగిన కారణమే ఉంది. కింది వాటాలో కొత్తవాళ్ళు దిగారట. ఎక్కడివారో, చిన్నపిల్లలున్నారట.

గోడమీద లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను. విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో ఒక ఇంటి కింది వాటాలో, గచ్చునుంచి కొలిస్తే నాలుగడుగుల ఏడంగుళాల ఎత్తున, 2024 సెప్టెంబరు మొదటివారంలో బుడమేరు నిలిచింది.